సక్రు చప్పిడి దీక్ష

పాత ఘాగ్రా అంచున గవ్వలతో కుట్టిన ఓ కొండ, దాని కింద వాగు, వాగు దాటితే గుహ! తండాలో అందరూ ముచ్చటైన కుట్టుపని అనుకున్న ఆ బట్ట నల్లమలలోకి దారి చూపుతోందని కనిపెట్టింది గోమ్లీ. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఎడ్ల మీద సరుకులు మోస్తూ అడవులు దాటిన తాతలు ఎక్కడో వెండి దాచారని తండాలో గట్టి నమ్మకం. ఇక ఆమె అన్న సక్రు ఊరుకుంటాడా? మేనమామ హూన్యాను వెంటబెట్టుకుని, నడివేసవిలో ముగ్గురూ బయలుదేరారు.

"నిధి ఎత్తెటోడు ఉప్పు ముట్టొద్దు" అని మామ ముందే హుకుం జారీ చేశాడు. సక్రు వారంగా చప్పిడి జొన్న గటకే తింటున్నాడు. అంతటితో ఆగితే సక్రు ఎందుకవుతాడు? గోమ్లీ సంచిలోని పచ్చడి డబ్బా తీసేయించాడు. ఉప్పు కలిసిందని ఓఆర్ఎస్ పొట్లాలు కూడా ఇంట్లోనే పెట్టించాడు!

గునపం, తాళ్లు, నీళ్ల క్యాన్లు అన్నీ తనే మోశాడు మహానుభావుడు. చెమట ధారలు కట్టింది. దాహం వేసినప్పుడల్లా గటగటా నీళ్లు దించాడు. మధ్యాహ్నానికి గుహ దొరికింది. నోటికి అడ్డంగా ఉన్న బండను సక్రు గునపంతో పైకి లేపితే, మామ కింద రాయి దోపాడు. ముగ్గురూ ఆ సందులోంచి పాకి లోపలికి దూరారు. గబ్బిలాలు గుప్పున లేచాయి. టార్చి వెలుగులో, గోడ వారగా మైనంతో మూతి బిగించిన కుండలు!

"దొరికింది రో!" అని అరిచిన సక్రు అంతలోనే కాలు పట్టుకుని కూలబడ్డాడు. పిక్కలు బిగుసుకుపోయాయి. భళ్లున కక్కుకున్నాడు.

"ఎండ దెబ్బనే! నీళ్లు తాగన్నా" అంటూ గోమ్లీ సీసా అందించింది. తాగేకొద్దీ అతని చూపు తేలిపోతోంది. చెల్లెలి ముఖంలోకి చూసి "నువ్వెవరమ్మా?" అన్నాడు. సరిగ్గా అప్పుడే బయట కిర్రుమని చప్పుడయింది.

"బండ జారుతుందే! గుంజుకపోదాం పా!" అని మామ కేకపెట్టాడు. చేతులు కాళ్లు కొట్టుకుంటున్న మనిషిని ఆ సందులోంచి లాగడం ఎవరి తరం?

టార్చి వెలుగు సక్రు నల్లచొక్కా మీద పడింది. వీపు నిండా తెల్లటి చారలు. గోమ్లీ తల కొట్టుకుంది.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది! చెమటల నీళ్లే కాదు మామా, ఉప్పంతా పోయింది. ఉన్న కొంచెం నేను నీళ్లు తాపి ఇంకా పలచన చేసిన. ఆ నీళ్లు మెదడుకెక్కి ఉబ్బిస్తున్నయి. ఇగ ఒక్క చుక్క తాగనియ్యకు! ఉప్పు గావాలె, ఉప్పు!"

"ఈ గుహల ఉప్పేడ దొరుకుతదే!" అంటూ మామ నిస్సహాయంగా కాలితో కుండను తన్నాడు. పగిలిన కుండలోంచి తెల్లటి గడ్డలు దొర్లాయి. వెండి కాదు. గోమ్లీ ఒక ముక్క నాలుక మీద పెట్టుకుని కెవ్వుమంది.

"మామా, ఉప్పే! ఉప్పు!"

తాతలు ఎడ్ల మీద మోసిన సరుకే అది. రెండు గుక్కల నీళ్లలో చిక్కగా కరిగించి, అన్నను కూర్చోబెట్టి మెల్లగా మింగించింది. కాసేపాగి మరోసారి పట్టింది. బండ గరగరమన్నప్పుడల్లా మామ వీపు ఆనించి ఆపుతున్నాడు. చివరికి సక్రు మూతి చిట్లించాడు.

"ఏం తాపినవే గోమ్లీ? నా దీక్ష ఖరాబాయె!"

గోమ్లీ ఏడుస్తూ నవ్వింది. "దీక్ష లేదు గీక్ష లేదు, పాకన్నా!"

ముందు సక్రు, వెనక గోమ్లీ, చివర మామ బయటపడ్డారో లేదో, బండ ధడాలున కూలి గుహను మూసేసింది. దుమ్ము అణగేసరికి మామ లబోదిబోమన్నాడు.

"నిధంత లోపల్నే పాయె గదరా!"

చెల్లెలి భుజం మీద వాలి ఆసుపత్రికి దారిపట్టిన సక్రు పొట్ట తడిమి చూపించాడు.

"యాడికి పాయె మామా? నాకెంత గావాల్నో అంత ఎత్తుకొచ్చిన."