ఫిల్టర్‌లో తెల్లని పొడి

ఆదివారం పొద్దున్నే రంగా ఇంట్లో తాలింపు పెట్టిన మరమరాలు, ఒగ్గరణి మండక్కి, మిర్చి బజ్జీల వాసన గుప్పుమంటోంది. తినాల్సిన పిల్ల మాత్రం ప్లేటు ముందు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

"ఏంది స్ఫూర్తీ, గిట్ల కూసున్నవ్? చల్లారిపోతున్నయ్" అంది వసంతలక్ష్మి.

"నాకు చేతకాలేదమ్మా. రాత్రికి బెంగళూరు బస్సెక్కుత."

రంగా తలెత్తలేదు. లోపల మాత్రం గుండెల మీంచి బండ దిగినట్టయింది.

రాయచూరులో ఆయనకు చిన్న ప్లేటింగ్ షెడ్డుంది. ఇనుప సామాన్లకు రాగి పూత పూయడం పని. ఇంజనీరింగ్ చదివిన కూతురు ఆ షెడ్డులోనే ఉంటానని పట్టుబట్టింది. ఆసిడ్ వాసనకు తన ముక్కు మొద్దుబారింది చాలదా? ఏసీ గదిలో ఉద్యోగం పిలుస్తుంటే ఇదేం పిచ్చి? చివరికి ఇద్దరూ పందెం వేసుకున్నారు. మల్లట్ ఊళ్లో వీరబాబు రైస్ మిల్లు మోటారుకున్న రాగి రింగు, దానికి ఆనుకుని కరెంటు అందించే కార్బన్ బ్రష్ రాపిడికి ఊరికే అరిగిపోతోంది. అరగని పూత వేసి చూపిస్తే స్ఫూర్తి ఇక్కడే ఉంటుంది. లేదంటే బెంగళూరు.

రాగి మెత్తన. అందుకే ఆమె పూత వేసే తొట్టిలోని నీలం రాగి ద్రావణంలో పిండికన్నా సన్నని అల్యూమినా పొడి కలిపింది. రాగి పేరుకునేటప్పుడే ఆ గట్టి రేణువులు అందులో ఇరుక్కుపోవాలి, కాంక్రీటులో కంకరలాగా. శుక్రవారం సాయంత్రం రింగు తొట్టిలో వేలాడదీసి ఇంటికి వచ్చింది. శనివారం తీసి, బ్రష్ ఆనించి తిప్పి చూస్తే మామూలు రాగిలాగే అరిగింది.

"పొడంతా అడుక్కు దిగిపోయింటది. కలపడం రాలేదు నాకు" అంటూ స్ఫూర్తి ప్లేటు ముందు నుంచి లేచింది.

రంగా షెడ్డుకు వెళ్లాడు. తొట్టిలోని ద్రావణాన్ని వడగట్టే ఫిల్టర్‌ను ఆదివారం కడగడం ఆయన అలవాటు. మూత విప్పాడు. విప్పినవాడు విప్పినట్టే నిలబడిపోయాడు.

లోపల తెల్లగా, దోసెపిండిలా పట్టిన ముద్ద!

పొడి అడుక్కు దిగలేదు. ఇక్కడుంది. శుక్రవారం షెడ్డు మూస్తూ ఫిల్టర్ స్విచ్ వేసింది తనే. తొట్టిలో నలుసు పడితే పూత గరుకుతేలుతుందని, చెప్పులతో ఎవర్నీ దగ్గరికి రానివ్వని మనిషాయన. ఆ రోజు కూడా చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి పోయింది.

ట్యాప్ తిప్పితే చాలు, సాక్ష్యం మోరీలో కలిసిపోతుంది. కూతురు బెంగళూరులో సుఖంగా ఉంటుంది. ఆయన ట్యాప్ మీద చెయ్యి వేశాడు.

'నాకు చేతకాలేదమ్మా.'

పోతే పోనీ. కానీ ఆ మాట మూటగట్టుకుని పోతుందే! జీవితాంతం మోస్తుందే!

చెయ్యి తీసేసి, ఫిల్టర్ చంకన పెట్టుకుని ఇంటికి పరుగెత్తాడు.

"అయ్యయ్యో, ఇప్పుడే బండలు తుడిచిన! ఆ దరిద్రం ఇంట్లకెందుకండీ?" వసంతలక్ష్మి కేక.

స్ఫూర్తి వేలితో ముద్దను తాకింది. కళ్లు పెద్దవయ్యాయి.

"ఇది నా పొడి! ఫిల్టర్ ఎవరు వేసిండ్రు?"

"నేనే."

"నన్ను పంపనీకెనే చేసినవ్ కదా నాయనా?"

"ఒట్టు బిడ్డా, అలవాటుల వేసిన. ఇప్పుడు చూసినంక కడిగేద్దామనుకున్నది మాత్రం నిజం."

స్ఫూర్తి ఫిల్టర్‌ను తన వైపు లాక్కుంది.

"మరెందుకు కడగలేదు?"

"నౌకరీకి పోతే పో. చేతకాలేదనుకుంట పోతే మాత్రం నాకు అన్నం దిగదు తల్లీ."

ఉన్నట్టుండి వసంతలక్ష్మి పకపకా నవ్వింది. "పెండ్లయిన కాడి నుంచి చెప్తున్న, ఈయన శుభ్రం పిచ్చి కొంప ముంచుతదని! చారు సుత వడగట్టి తాగే మనిషాయె!"

స్ఫూర్తి ఏడుస్తూనే నవ్వింది. ఆ రాత్రి బెంగళూరు బస్సు ఆమె లేకుండానే కదిలింది.

మళ్లీ పొడి, మళ్లీ రింగు. ఈసారి ఫిల్టర్ తీగ పీకి స్ఫూర్తి తన సంచిలో వేసుకుంది. తొట్టి అడుగు నుంచి గాలి బుడగలు పంపి పొడిని తేలేలా చేసింది. వారం తిరిగేసరికి మల్లట్ మిల్లులో రింగు తిరుగుతోంది. రోజంతా దాన్ని నడవనిచ్చారు. మోటారు ఆపి, వీరబాబు రింగును వేలితో తడిమాడు.

"గీత కూడా పడలేదండీ! రంగా గారూ, మా మిగతా మోటార్లకి ఎప్పుడు చేసిపెడతారు?"

జవాబు చెప్పడానికి రంగా నోరు తెరిచాడు. ఆగాడు. కండువాతో కళ్లు ఒత్తుకుని, పక్కకు జరిగి కూతురికి చోటిచ్చాడు.

"నన్నడుగుతరేంది వీరబాబు గారూ? షెడ్డు యజమాని ఈమె. ఈమెనడుగుండ్రి."