పుస్తకంలో ఉన్నట్టే

ఆ ఉదయం ఆయన ఎవరూ చెప్పకుండానే గడ్డం గీసుకున్నాడు.

వంటింట్లో టీ వడకడుతున్న భార్య అది చూసింది. చూసినట్టు తెలియనీయకుండా మళ్ళీ గిన్నె వైపు తిరిగింది. ఎనిమిది నెలలుగా ఆ మనిషి లేవమంటే లేస్తున్నాడు, తినమంటే తింటున్నాడు, పడుకోమంటే పడుకుంటున్నాడు. తనంతట తానుగా చేసిన పని ఇదే మొదలు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. చేతిలోని ఫైలు టీ కప్పు పక్కన పెట్టాడు. నున్నటి అట్ట మీద ఒక హోటళ్ళ కంపెనీ పేరు, దాని కింద నవ్వుతూ తింటున్న ఓ కుటుంబం బొమ్మ ఉన్నాయి.

"వచ్చే బుధవారం సంతకాలు. నీ సంతకం కూడా కావాలి," అన్నాడు.

"దేనికండీ?"

"ఫ్రాంచైజీకి. పేరు వాళ్ళది, పెట్టుబడి మనది. హోటలు మనం నడుపుతాం."

ఆమె కప్పు పట్టుకుని అలాగే నిలబడింది. హోటలు గురించి ఆమెకేమీ తెలియదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పరీక్షల ల్యాబులో జనం చేతుల్లోంచి రక్తం తీయడం ఆమె పని. భర్త మొహం చూసింది. అందులో సంతోషం లేదు, భయమూ లేదు. కానీ 'కావాలి' అన్నాడు. ఆ మాట ఆయన నోట విని ఎంత కాలమైందో!

ఇరవై ఆరేళ్ళు రైలు నడిపిన మనిషి ఆయన. ఎనిమిది నెలల కిందట ఒక ఉదయం మలుపు తిరగగానే పట్టాల మీద ఎవరో నిలబడి కనిపించారు. హారన్ కొట్టాడు, అత్యవసర బ్రేకు వేశాడు. బండి ఆగింది గానీ, ఆ మనిషిని దాటి చాలా దూరం వెళ్ళాకే ఆగింది. విచారణలో డ్రైవరు తప్పేమీ లేదని తేల్చి, కాగితం రాసిచ్చారు. ఆ కాగితాన్ని ఆయన బీరువాలో పెట్టాడు. మళ్ళీ ఇంజన్ ఎక్కమంటే ఎక్కలేనని చెప్పి ఉద్యోగం వదులుకున్నాడు. ఏడవలేదు, అరవలేదు. డాక్టరు ఇచ్చిన మాత్రలు వేళకి వేసుకున్నాడు. ఆ రోజు గురించి మాత్రం ఇంట్లో ఒక్క ముక్కా మాట్లాడలేదు.

ఆయన స్నానానికి వెళ్ళగానే ఆమె కూతురికి ఫోన్ చేసింది.

"బుడ్డీ, మీ నాన్న హోటలు పెడతారట. ఒకసారి వచ్చి ఆ కాగితాలు చూడు. చూడు గానీ, వద్దని మాత్రం అనకే తల్లీ."

ఇంట్లో బుడ్డి అని పిలుస్తారు గానీ ఆ పిల్లకి ఇరవై ఏడేళ్ళు. ఊరికి అటు చివర ఒక బ్యాంకులో అప్పుల విభాగంలో పని చేస్తుంది. ఎవరికి అప్పివ్వచ్చో, ఎవరికిస్తే మునుగుతారో చూడటమే ఆమె ఉద్యోగం. ఆ సాయంత్రమే వచ్చి ఫైలు తీసుకెళ్ళింది. మళ్ళీ ఆదివారం పొద్దున వచ్చింది. చెప్పులు విడిచి, నేరుగా వచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, చేరడానికే పన్నెండు లక్షలు. హోటలు తెరవకపోయినా అది తిరిగిరాదు."

"తెలుసు."

"లోపలి పనంతా వాళ్ళు చెప్పిన మేస్త్రీలతోనే చేయించాలి. కుర్చీ కూడా మనకి నచ్చింది కొనుక్కోకూడదు. దానికి అరవై. అడ్వాన్సులకీ మొదటి నెలల జీతాలకీ ఇంకో పద్దెనిమిది. నీ దగ్గర ఉన్నవి నలభై. మిగతా యాభైకి ఈ ఇల్లు తాకట్టు."

"తెలుసమ్మా."

"నెలనెలా వందకి ఎనిమిది వాళ్ళకివ్వాలి. లాభంలో కాదు నాన్నా, అమ్మకంలో. మనం నష్టాల్లో ఉన్నా వాళ్ళ వాటా వాళ్ళకి పోవాల్సిందే."

"ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగాడట ఇంకొకడు," అంది తల్లి అప్రయత్నంగా. అనేశాక తను కూతురి పక్షాన మాట్లాడినట్టయిందని తోచి నాలుక కరుచుకుంది.

"పదేళ్ళ ఒప్పందం," కూతురు ఆగలేదు. "మధ్యలో మూసేస్తే మిగిలిన ఏళ్ళ వాటా కూడా కట్టమంటారు. అయిదేళ్ళకోసారి గోడలూ బల్లలూ మళ్ళీ కొత్తవి వేయాలి, అదీ మన డబ్బుతోనే. మన పక్క వీధిలో ఇంకొకరికి ఇదే హోటలు ఇవ్వబోమని ఎక్కడా రాసివ్వలేదు. రోజుకి రెండొందల ఇరవై మంది వస్తారని రాశారు. నా లెక్కలో నూట నలభై మంది వస్తేగానీ మనకి గిట్టదు. మంగళవారం సెలవు పెట్టి వాళ్ళ హోటల్లోనే మూల బల్ల దగ్గర కూర్చున్నాను, తెరిచినప్పటి నుంచి మూసేదాకా. ఎంతమంది వచ్చారో తెలుసా? డెబ్భై మూడు. అందులో నన్ను రెండుసార్లు లెక్కేశాను, రెండు పూటలా తిన్నాను కాబట్టి."

మామూలు రోజుల్లో అయితే ఆ మాటకి ఆయన పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు కిటికీ వైపు చూశాడు.

"అన్నీ తెలుసంటున్నావు. తెలిసి తెలిసి ఎందుకు దిగుతున్నావు నాన్నా?"

"నువ్వు బ్యాంకు మనిషిలా మాట్లాడుతున్నావు."

"మరెలా మాట్లాడను?"

"కూతురిలా."

బుడ్డి మొహం పాలిపోయింది. తల్లికి అక్కడ కోపం వచ్చింది. భర్త మీద రావలసింది కూతురి మీదకి మళ్ళింది.

"చాలు ఆపవే! ఎనిమిది నెలలకి నోరు తెరిచి ఒక్కటి అడిగారు. ఒకే ఒక్కటి! ఇల్లు పోతే పోనీ. ఇటుకలు పెట్టుకుని ఏం చేసుకుంటాం? ఈయనిలా గోడని చూస్తూ కూర్చుంటే నేను పనికి వెళ్ళి సూది పట్టుకుంటున్నానే గానీ, నా ప్రాణం ఇక్కడే ఉంటోంది. నీకేం తెలుసు?"

"ఇల్లూ పోయి, ఆయనా మళ్ళీ ఇలాగే అయితే ఏం చేస్తావమ్మా?"

ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. కోపగించి వెళ్ళాడనుకున్నారిద్దరూ. కానీ ఒక లావుపాటి పుస్తకం పట్టుకుని తిరిగొచ్చాడు. హోటలు ఎలా నడపాలో కంపెనీ వాళ్ళు అచ్చువేసిన పుస్తకం అది. చూసి తిరిగిస్తానని అడిగి తెచ్చుకున్నాడు. నాలుగు వందల పేజీలు. సగం దాకా పేజీల మధ్య కాగితం ముక్కలు పెట్టి ఉన్నాయి.

"ఇందులో అన్నీ ఉన్నాయి," అన్నాడు. గొంతులో ఎత్తూ పల్లం లేదు. "చేతులు ఎన్ని సెకన్లు కడుక్కోవాలో ఉంది. మనుషులు వచ్చి కూర్చున్నాక ఎన్ని నిమిషాల్లో నీళ్ళు పెట్టాలో ఉంది. నూనె ఎప్పుడు మార్చాలి, నేల తడిగా ఉంటే బోర్డు ఎక్కడ పెట్టాలి, అన్నీ. ఏదీ మనం ఆలోచించుకోనక్కర్లేదు. ఇందులో ఉన్నట్టే చేస్తే ఎవరికీ ఏమీ కాదు."



బుడ్డి ఆ పుస్తకం వైపు, దాన్ని పట్టుకున్న తండ్రి చేతుల వైపు చూసింది. వారం రోజులుగా తను వేసిన లెక్కలన్నీ వేరే ఎవరి కోసమో వేసినట్టనిపించింది. ఈయన హోటలు కొనడం లేదు. మరేదో కొంటున్నాడు. దానికి తన దగ్గర అంకెలు లేవు.

కాసేపటికి మెల్లగా అంది. "బుధవారానికి ఇంకా మూడు రోజులుంది. ఒక్క మనిషిని కలువు నాన్నా. ఇదే కంపెనీ హోటలు నడిపి మూసేసినావిడ. మూతపడ్డ వాటి వివరాలూ ఫైలులో చివర ఇచ్చారు. ఫోన్ చేశాను, రమ్మంది. కలిశాక నీ ఇష్టం. నేనిక నోరెత్తను."

ఆయన తలూపాడు. రమ్మంటే వెళ్ళడం ఆ రోజుల్లో ఆయనకి అలవాటే.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ బస్సులో వెళ్ళారు. ఆవిడ ఇప్పుడొక ఆస్పత్రి క్యాంటీన్లో వంటశాల చూసుకుంటోంది. వీళ్ళు వెళ్ళేసరికి భోజనాల వేళ అయిపోయింది. కుర్చీలన్నీ బల్లల మీద బోర్లించి ఉన్నాయి. ఇనప కౌంటరు వెనక ఎవరో పెద్ద గిన్నెలు తోముతున్నారు. యాభై ఏళ్ళుంటాయి ఆవిడకి. తల మీద వల టోపీ తీయకుండానే వచ్చి, నాలుగు కుర్చీలు దింపి కూర్చోబెట్టింది.

"అడగండి. దాచేదేం లేదు, దాచుకోడానికీ ఏం మిగల్లేదు," అని నవ్వింది.

బుడ్డి అద్దె గురించి, జీతాల గురించి ప్రశ్నలు రాసుకొచ్చింది. కాగితం తీసేలోపే ఆయన అడిగాడు.

"పుస్తకంలో ఉన్నట్టు చేశారా?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"అక్షరం పొల్లుపోకుండా చేశానండీ. కంపెనీ ఇన్స్పెక్టరు వచ్చినప్పుడల్లా వందకి తొంభై ఆరు, తొంభై ఏడు మార్కులు. నా హోటల్ని చూసి నేర్చుకోమని కొత్తవాళ్ళని పంపేవారు. రెండేళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఎదురుగా వంతెన కడతామని రోడ్డు తవ్వారు. ఏడాదిన్నర. లోపలికి రావాలంటే చెక్క మీద నడిచి రావాలి. పిల్లల్ని ఎత్తుకుని అలా ఎవరొస్తారు? కంపెనీకి ఫోన్ చేస్తే, పుస్తకంలో ఉన్నట్టు చేస్తున్నారా అని అడిగేవారు. చేస్తున్నానండీ బాబూ, మనుషులే రావట్లేదు అనేదాన్ని."

"రోడ్డు తవ్వితే ఏం చేయాలో..."

"పుస్తకంలో లేదు."

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు.

"పదకొండు మందిని పని మాన్పించాను. ఇల్లు అమ్మాను. చివరి రోజు కూడా బల్లలు తుడిచి, ఫ్రిజ్‌లో చల్లదనం ఎంతుందో చూసి రాసి, లైట్లు తీసి వచ్చాను," అంది ఆవిడ. "ఆ తర్వాత ఏడాది పాటు మంచం దిగలేదు. ఎక్కడ తప్పు చేశానా అని వెతుక్కోవడమే. వంటవాడిని మార్చి ఉంటేనో? ఆర్నెల్ల ముందు మూసి ఉంటేనో? తప్పు దొరికితే దిద్దుకునేదాన్ని కదండీ, మనసు కుదుటపడేది. దొరకలేదు. చేయాల్సిందంతా చేశాను, అయినా పోయింది. అదే నాకు మింగుడు పడలేదు."

కౌంటరు వెనక గిన్నెల చప్పుడు ఆగింది. ఆయన నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

"నేను బ్రేకు వేశానండీ," అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదు. అయినా 'ఏ బ్రేకు' అని అడగలేదు.

"మలుపు తిరగ్గానే వేశాను. హారన్ కూడా ఆపకుండా కొట్టాను. అంత బరువు బండి అప్పటికప్పుడు ఆగదండీ. ఆగదు. అతను చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. జతగా పెట్టాడు, గుమ్మం ముందు పెట్టినట్టు. నా వైపే చూస్తున్నాడు. నేను చేయాల్సిందంతా చేశాను. చేశాను కదండీ?"

చివరి మాట పూర్తి కాలేదు. భుజాలు కదిలాయి. ముందు శబ్దం రాలేదు. తర్వాత వచ్చిన శబ్దం విని భార్య ఉలిక్కిపడింది. పాతికేళ్ళ పైబడ్డ కాపురంలో ఆ శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు. రోజుకి అరవై మంది చేతులు పట్టుకునే మనిషి, భర్త చేయి పట్టుకోవడానికి ఒక్క క్షణం తడుముకుంది. తర్వాత రెండు చేతులతో ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"చేశారండీ. అంతా చేశారు," అంది.

క్యాంటీన్ ఆవిడ లేచి ఒక గ్లాసుతో నీళ్ళు తెచ్చిపెట్టింది. కన్నీళ్ళు తుడుచుకుంటున్న బుడ్డి భుజం తట్టింది. "ఏడవనీ అమ్మా. నాలుగింటి దాకా ఇక్కడికెవరూ రారు," అని చెప్పి, గిన్నెలు తోమే మనిషిని కూడా తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాపులో ఆయన మొహం ఉబ్బి, కళ్ళు ఎర్రబడి, పదేళ్ళు పెద్దవాడిలా ఉన్నాడు. అయినా ఇన్నాళ్ళలా ఎక్కడో ఉన్నట్టు కాకుండా, అక్కడే వాళ్ళ మధ్య ఉన్నట్టు ఉన్నాడు.

"బుడ్డీ, ఆ కంపెనీ ఆయనకి ఫోన్ చేసి వద్దని చెప్పెయ్యి," అన్నాడు. మళ్ళీ కాసేపాగి, "వద్దులే. నేనే చెప్తాను. పుస్తకం కూడా తిరిగిచ్చేయాలి," అన్నాడు.

"సరే నాన్నా."

"నిన్న నిన్ను బ్యాంకు మనిషివన్నాను."

"బ్యాంకు మనిషినే కదా. నీకు అప్పిచ్చేదాన్ని కాదు, అంతే."

ఆయన పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వని చెప్పలేం. భార్య మాత్రం నవ్వబోయి, మొహాన కొంగు పెట్టుకుంది.

"నేను సంతకం పెట్టేసేదాన్నండీ," అంది కొంగు చాటునుంచే. "ఏదో ఒక పనిలో పడిపోతే మీరు మామూలైపోతారనుకున్నాను. ఏం జరిగిందో అడగాలంటే నాకే భయం వేసింది. అడిగితే మీరు విరిగిపోతారేమోనని. ఎనిమిది నెలలు మిమ్మల్ని ఒంటరిగా వదిలేశాను."

"అడిగినా చెప్పేవాణ్ణి కాదు," అన్నాడాయన. "ఇప్పుడు చెప్తాను. కొంచెం కొంచెంగా."

బస్సు వచ్చింది. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు, భార్య పక్కన, కూతురు వెనక సీట్లో. రెండు స్టాపులు దాటాయో లేదో ఆయన తల భార్య భుజం మీద వాలిపోయింది. ఇంకొకరు నడిపే బండిలో ఆయన కళ్ళు మూసుకోవడం తల్లీ కూతుళ్ళిద్దరూ ఎన్నడూ చూడలేదు. నోరు కాస్త తెరుచుకుని, చంటిపిల్లాడిలా నిద్రపోతున్నాడు.

వాళ్ళ వీధి మలుపు వచ్చింది. లేవబోతున్న కూతుర్ని తల్లి వెనక్కి తిరిగి చూసి, కూర్చోమని కళ్ళతోనే చెప్పింది. బస్సు ఆగింది, మళ్ళీ కదిలింది.

"మీరు దిగాల్సింది అక్కడే కదమ్మా?" అన్నాడు కండక్టరు దగ్గరికొచ్చి.

"మెల్లగా మాట్లాడు బాబూ," అంది ఆమె, భుజం కదలకుండా ఒంటి చేత్తో సంచిలో చిల్లర వెతుక్కుంటూ. "చివరి స్టాపు దాకా ఇంకో మూడు టికెట్లు ఇవ్వు."