నాడిపూసకు తెలిసిన చేతులు

ఆ కాలానికి కాకినాడలో కార్ల తలుపులకు తాళాలు వేయడం మానేశారు. తలుపులు బార్లా తెరిచి వీధిలో వదిలేసినా కారు ఎక్కడికీ పోయేది కాదు. ఎవరైనా ఎక్కి కూర్చున్నా ఊరికే కూర్చుని దిగాల్సిందే.

దానికి కారణం నాడిపూస. వెనకటి తాళం చెవుల్లో ట్రాన్స్‌పాండర్ అనే చిన్న చిప్ ఉండేది. కారు అడిగిన ప్రశ్నకు అది సరైన జవాబిస్తేనే ఇమ్మొబిలైజర్ ఇంజన్‌ను కదలనిచ్చేది. కానీ తాళం చెవి దొంగ చేతికి చిక్కినా జవాబు అదే. డాక్టర్ వకుళ ఆ లోటు తీర్చింది. ఆమె తయారుచేసిన రుద్రాక్షంత పూస, తనను పట్టుకున్న మనిషి నాడిని కూడా జవాబులో కలుపుతుంది. కారు కొన్నాక మొదటి గంటలో తనను తాకిన చేతినే అది గుర్తుపెట్టుకుంటుంది.

అలాంటి పూస పట్టుకుని ఒకరోజు భీమశంకరం మేస్టారు ఆమె ప్రయోగశాలకు వచ్చారు.

"అమ్మా, నా కారు మా ఎదురింటి కొండలరావు చేతిలో కదులుతోంది. నా చేతిలో కదలడం లేదు."

వకుళ వెంటనే పూస అందుకుంది. తాళం ఓడిపోయిందంటే లక్షల కార్లకు ఇక రక్షణ లేనట్టే.

"ఎప్పటినుంచండీ?"

"మా ఆవిడకి గుండెపోటు వచ్చినప్పటినుంచి. నేను బస్సులో అన్నవరం వెళ్లాను. అంబులెన్సు రాకముందే అతనే మా కారులో ఆసుపత్రికి చేర్చాడు. ఇవాళ సుభద్ర లేచి కూర్చుందంటే అతని చలవే. దీపం పెట్టినప్పుడల్లా అతన్నీ తలుచుకుంటున్నాను. అబద్ధమెందుకు, మనసులో ఓ మూల అనుమానమూ ఉంది. మురుగుకాలవ గొడవతో ఏళ్లుగా మాకు మాటల్లేవు. కారుకేమైనా చేశాడా అని. ఇప్పుడు నన్ను తీసుకొచ్చిందీ అతనే. బయటున్నాడు."

వకుళ పూసను, దాని మాటను పలికే యంత్రానికి ఆనించింది.

"నీకు తెలిసిన చేతులు ఎన్ని?"

"పదకొండు" అంది యంత్రం.

"ఒక్కటే ఉండాలి కదండీ! మొదటి గంటలో ఏం చేశారు?"

"ఏం చేస్తామమ్మా, వాహన పూజ. పంతులుగారు పూసను హారతి పళ్లెంలో పెట్టారు. వీధివాళ్లంతా హారతి తీసుకుని, పూసను తాకి కళ్లకద్దుకున్నారు. కొండలరావూ వచ్చాడు. హారతి దగ్గర పగలేముంటుంది?"

వకుళకు విషయం అర్థమైంది. తాళం ఓడలేదు. నేర్పింది నేర్చుకుంది, అంతే.

"మరి మీరు తాకారా?"

"నేనెలా తాకుతానమ్మా? రెండు చేతులా పళ్లెం పట్టుకుని అందరికీ అందించింది నేనే."

"ఇన్నాళ్లూ కారు ఎలా నడిపారు?"

"పక్కన సుభద్ర ఉండేది. దిగేదాకా పూస గుప్పిట్లో పెట్టుకుని జపం చేసుకునేది..."

ఇన్నాళ్లూ కారు కదిలింది సుభద్ర చేతి నాడితోనే. వీధిలో అంతమందిని ఎరిగిన ఆ కారుకు ఆయనొక్కరే పరాయివారు.

"అన్నీ చెరిపేసి మిమ్మల్ని ఒక్కరినే చేర్చమంటారా?"

ఆయన అడ్డంగా తల ఊపారు. "ఆ రోజు ఇది నా ఒక్కడి మాటే విని ఉంటే నాకు సుభద్ర దక్కేదా? వాళ్లందరినీ ఉండనీ తల్లీ. నన్నూ వాళ్లలో కలుపు."

"అయితే దానికి తెలిసిన చేయి ఒకటి మీ చేతిని పట్టుకోవాలి."

కొండలరావును పిలిచారు.

"ఏంటండీ మేస్టారూ, పోలీసులకి గానీ పట్టిస్తారా?"

"చెయ్యి ఇలా ఇవ్వవయ్యా."

అతను అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. "ఇస్తాను గానీ, కాలవ సంగతి మాత్రం ఒప్పుకోనండి."

"దాని సంగతి తర్వాత. ముందు పట్టుకో."

రెండు అరచేతుల మధ్య పూస మేలుకుంది. "ఈయన మీకు తెలుసా?" అని యంత్రం గొంతుతో కొండలరావును అడిగింది.

"తెలీకపోడమేంటి? మా మేస్టారండి. కాస్త కోపమెక్కువ గానీ, మంచోరే."

పూస వెలిగింది. భీమశంకరం కళ్లు మూసుకుని, అలవాటు చొప్పున రెండు చేతులూ జోడించారు. కొండలరావు చెయ్యి ఇంకా వాటి మధ్యే ఉంది.