టేకు కామ

సాయన్న శవం రెంజల్ రోడ్డు పక్కన చెరుకు తోటలో దొరికింది. తల వెనక ఒకటే దెబ్బ.

సాయన్న బోధన్‌లో కలప కోసే ఒక సామిల్లుకు వాచ్‌మన్. ఓనరు భానుప్రసాద్ పొద్దున్నే కారులో వచ్చి, కట్టు కట్టిన కుడిచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నానికి, కట్టెలు కొట్టే లింబయ్య గడ్డివాములో రక్తపు గొడ్డలి బయటపడింది. దాని కామ, అంటే కర్ర పిడి, విరిగిపోయి ఉంది. ముందురోజే కల్లు దుకాణం దగ్గర సాయన్న, లింబయ్య కొట్లాడుకున్నారు. ఇంకేం కావాలి? ఎస్సై రాజేందర్ లింబయ్యను లాకప్‌లో పడేసి మీసం దువ్వుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ లిడియాకు ఆ మీసం చూస్తేనే ఒళ్లు మండింది. బుర్ర వాడాల్సిన చోట లాఠీ వాడే రకం!

లింబయ్య భార్య పెంటవ్వ ఇంకో గొడ్డలి తెచ్చింది. "మా ఇంటాయనకు గిదొక్కటే ఉందమ్మా. ఆయనను జైలుకు పంపకుండ్రి."

"రెండున్నా ఒకటే అంటది మేడం," అన్నాడు రాజేందర్.

లిడియా రెండూ ఎత్తి చూసింది. పెంటవ్వ తెచ్చిన దాని కామ బరువుగా, చెమటకు నల్లబడి ఉంది. గడ్డివాములోది తేలిగ్గా, కొత్తగా ఉంది.

సాయంత్రం భానుప్రసాద్‌ను పిలిపించింది. టేబుల్ మీద రెండు కర్రలు పెట్టింది.

"ఇది తుమ్మ, ఇది టేకు. గొడ్డలికి ఏది మంచిది?"

"గదేం ప్రశ్న మేడం? టేకే! చెద పట్టది, వంకర పోదు."

"తుమ్మ?"

"గది పొయ్యిల పెట్టేది," అని నవ్వాడు.

లిడియా కర్రలను రెండు బల్లల మధ్య ఆనించి సుత్తితో కొట్టించింది. తుమ్మ అదిరింది, విరగలేదు. టేకు రెండో దెబ్బకే విరిగింది.

"తలుపుకైతే టేకే," అంది లిడియా. "వానకు ఉబ్బదు, ఎండకు పగలదు. కానీ దెబ్బకు ఆగదు. తుమ్మ మొండిది, ఎంత దెబ్బైనా ఓర్చుకుంటది. సంతల గొడ్డలి ఇనుమే దొరుకుతది, కామ ఎవరిది వాళ్లు చెక్కుకోవాలె. గడ్డివాముల దొరికిన గొడ్డలికి టేకు కామ ఉంది. రోజూ కట్టెలు కొట్టేటోడు అది పెట్టడు. జన్మల గొడ్డలి పట్టని షావుకారే పెడతడు."

"గంత మాత్రానికి నన్ను..."

"చేతికి ఏమైంది?"

"కారు డోరు తగిలింది."

"పొద్దున్నే చూసిన నీ కట్టు. ఆస్పత్రిల అడిగిన. నర్సు దీవెన నీ అరచేతిలోంచి తీసిన కట్టె పేడు నాకిచ్చింది. విరిగిన కామకు పెట్టి చూస్తే సరిగ్గా అతికింది."

భానుప్రసాద్ ముఖం పాలిపోయింది. "సాయన్న నా అన్నం తిని, నా దొంగ టేకు లారీ సంగతి ఫారెస్టోళ్లకు చెప్తనన్నడు."

"అందుకు చంపి, కూలోని మెడకు చుట్టినవ్. తూ!"

ఆమె రాజేందర్ వైపు తిరిగింది. "ఈ గొడ్డలి లింబయ్యకు చూపించినవా?"

"లేదు మేడం."

లాకప్ తెరిచారు. పెంటవ్వ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. లింబయ్య టేబుల్ మీది విరిగిన కామ గొడ్డలిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గొడ్డలికి టేకు కామా? ఎవడమ్మా గీ పిచ్చోడు?"

అదే లాకప్‌లోకి భానుప్రసాద్ తల దించుకుని నడిచాడు.