వెల్తూర్ సమాధిలో సుత్తి చప్పుడు

పుప్లూనా రేవులో ఎవర్నడిగినా చెప్తారు, పొద్దుగూకాక వెల్తూర్ సమాధి వైపు పోవద్దని. లోపల్నించి ఠక్... ఠక్... అని సుత్తి చప్పుడు. చచ్చి ఆరేళ్ళయినా వాడింకా వెండి నాణేలు కొడుతూనే ఉన్నాడట!

వెల్తూర్ అచ్చు చెక్కాడంటే నాణెం మీద అడవిపంది వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. మా నాణేలకి ఒకవైపే బొమ్మ, వెనక బోడి. అచ్చొకటుంటే ఒంటిమనిషి కొట్టుకోవచ్చు. పోయినవాడి పనిముట్టు వాడితోనే పంపాలి కదా, ఆ అచ్చు వాడి చేతిలోనే పెట్టి పడుకోబెట్టాం.

ఈ చలికాలం చప్పుడు మొదలైంది. పెద్దలు హడలిపోయి, తెల్లారగానే వాడి ఎముకలు తీసి సముద్రంలో పారేస్తామన్నారు.

ఆ రాత్రి వాడి పెళ్ళాం రామ్థా పక్కింట్లో ఉండే నా తలుపు కొట్టింది. "అక్కా, తోడు రావూ? చప్పుడు చెయ్యొద్దని ఆయన్ని బతిమాలుకుంటాను."

"పిచ్చిదానా, దెయ్యం నీ మాట వింటుందా?"

"వింటాడు. నెలనెలా కుందేలు వండి లోపల గడప దగ్గర పెడుతున్నానా... ఈమధ్య గిన్నె నాకినట్టు తినేస్తున్నాడు."

ఆ మాటంటూ మురిసిపోయింది. నేను దీపం తీసుకుని దాని వెంట నడిచాను.

కొలిమిల్లోంచి పారబోసిన చిట్టెం కుప్పలు దాటేసరికి గాలికి మా దీపం ఆరిపోయింది. ఠక్... నేను అక్కడే ఆగిపోయాను. రామ్థా మాత్రం రాతి తలుపుకి నోరానించింది.

"ఏమయ్యా... నేనే. ఈ ఒక్క రాత్రికి ఆపవయ్యా. నిన్ను నీళ్ళలో పారేస్తారట..."

చప్పుడు ఆగింది.

తలుపు సందులో సన్నగా వెలుతురు... దెయ్యానికి దీపమెందుకు? భుజం ఆనించి నేనే తోశాను.

లోపల లారిస్! వెల్తూర్ సొంత తమ్ముడు! అన్న పడుకోవాల్సిన రాతిమంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో వెండి పూసిన రాగి బిళ్ళలు, చేతిలో అన్న అచ్చు. మూతినిండా కుందేలు కూర జిడ్డు. ఛీ!

"వదినా... అరవకు. నీకూ సగమిస్తాలే," అన్నాడు రామ్థాతో.

"థూ! పోయినవాడి కూడు తింటావురా? నువ్వూ ఒక మనిషివేనా?" అన్నాను. వాడు నన్ను తోసేసి చీకట్లోకి ఉరికాడు. ఆ ఉరుకులోనూ త్రేన్చాడు వెధవ.

పోతేపోనీ, దొంగ బిళ్ళలు దొరికాయి. అవి పెద్దల ముందు పోస్తే వెల్తూర్ జోలికి ఇంకెవరూ రారు. "గండం గడిచిందే! మీ ఆయన ఇక్కడే ఉంటాడు," అన్నాను.

 లారిస్ వదిలేసిన దీపం పట్టుకుని రామ్థా మూలకెళ్ళి కూలబడింది. మంచం ఖాళీ చెయ్యడానికి వాడు అన్న ఎముకల్ని చెత్త ఊడ్చినట్టు ఆ మూలకి ఊడ్చేశాడు. నెలనెలా తిని ఉమ్మిన కుందేలు బొమికలన్నీ ఆ కుప్ప మీదే వేశాడు. ఒకటే నీచుకంపు.

రామ్థా పైగుడ్డ పరిచి ఒక్కొక్కటే ఏరుతోంది. ఒకదాన్ని దీపానికి దగ్గరగా పెట్టి చాలాసేపు తిప్పితిప్పి చూసింది.

"అక్కా... ఇది ఆయన వేలా, కుందేలు కాలా?"