ఖాళీ చేసిన ఫోన్

జోయెల్‌కి ఓ తీట ఉంది. కొత్త ఫోన్ కనబడితే చాలు, దాన్ని రూట్ చేయందే వాడికి అన్నం సయించదు. రూట్ చేయడమంటే బ్రహ్మవిద్యేం కాదు. కంపెనీవాడు వేసిన తాళం ఊడదీసి, లోపలి గదులన్నిటికీ మనమే యజమానులమైపోవడం. ఒకప్పుడు కుర్రకారంతా అదే పని మీద ఉండేవాళ్లు. ఇప్పుడు ఎవడికీ పట్టదు.

బీసెంట్ రోడ్డులో ఫోన్లు బాగుచేసే అంతోని వాడికి కాలేజీనాటి స్నేహితుడు. ఆ ఆదివారం పొద్దున చర్చి మెట్ల మీదే మొత్తుకున్నాడు.

“ఒరేయ్, ఈ రోజుల్లో రూటేంట్రా? బ్యాంకు యాప్ తెరుచుకోదు, గ్యారంటీ గంగలో కలుస్తుంది. అప్పట్లో రూట్ చేస్తేగానీ రానివన్నీ ఇప్పుడు ఫోన్‌తోపాటే ఇస్తున్నారు. ఎందుకొచ్చిన గొడవ చెప్పు?”

“కాల్ రికార్డింగ్ ఇస్తున్నారా? నొక్కగానే ఒకావిడ ఊడిపడి, రికార్డు చేస్తున్నారహో అని అవతలివాళ్లకి చాటింపు వేస్తుంది. మా ఇంట్లో ఫోన్‌కి నేను యజమానిని కాకపోతే ఇంకెవడ్రా?”

“అది చెల్లెమ్మ ఫోన్ కదరా.”

“చెల్లెమ్మ ఎవరిదో?” అని జోయెల్ పెద్దగా నవ్వాడు. అంతోనికి నవ్వు రాలేదు.

ఆ ఫోన్ జోయెల్ భార్య హెప్సిబాది. పాతది ఇచ్చేసి మార్చుకున్న కొత్త ఫోన్. పాత ఫోన్‌కి ఓ మంచి గుణం ఉండేది. వచ్చిన ప్రతి కాల్‌నీ అదే రికార్డు చేసి దాచేది. అలా దాచినవాటిలో హెప్సిబా వాళ్లమ్మ ఆదెమ్మ కాల్స్ బోలెడు. కొట్లో కుర్రాణ్ని బతిమాలి అవన్నీ కొత్త ఫోన్‌లోకి ఎక్కించుకుంది హెప్సిబా. ఇంకెక్కడా లేవు.

ఆదెమ్మ పామర్రులో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఆవిడ మాటల్లో పెద్ద విశేషాలేం ఉండవు. తిన్నావా, ఏం కూర, అల్లుడుగారు వచ్చారా. చివర్లో “సరే మరి, ఉంటానే అమ్మా” అనేది. ఫోన్ పెట్టేముందు మనందరం అనేదే. కాకపోతే ఆవిడ అలా అన్నాక ఇంకేదో గుర్తొచ్చి మళ్లీ మొదలెట్టేది. “ఉంటాను ఉంటాను అంటుందేగానీ పెట్టదు మహాతల్లి” అని జోయెల్ ఆవిడ గొంతు పెట్టి వెక్కిరించేవాడు. తనకి ఫోన్ వస్తే మాత్రం ఆవిడ “ఉంటాను” అనడం ఆలస్యం, “సరేనండీ, ఉండండి” అని టక్కున కోసేసేవాడు. అది వాడికి నోటి అలవాటైపోయింది.

కిందటి వానాకాలం ఆవిడకి జ్వరం పట్టుకుని వదల్లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అడిగింది. “ఓ నెల మీ దగ్గర ఉంటాను బాబూ. తిరగ్గలిగితే వెళ్లిపోతాను.”

“ఇక్కడ ఖాళీ ఎక్కడిదండీ?” అన్నాడు జోయెల్.

గుణదల కొండ వెనక వాళ్లది మూడు గదుల ఇల్లు. ముందుగది నిండా వాడి పాడైపోయిన ఫోన్లు, వైర్లు. ఆ నెల తిరక్కుండానే ఆదెమ్మ హాస్టల్ వంటింటి పక్క సామాన్ల కొట్టులో పోయింది. పక్కన మనిషి లేదు.

అప్పట్నుంచి హెప్సిబా వంట చేస్తున్నంతసేపూ ఆ రికార్డింగులు పెట్టుకుని వినేది. ఉల్లిపాయలు తరుగుతూ “ఆఁ తిన్నానమ్మా” అని జవాబు కూడా చెప్పేది. ఆ గొంతు వినబడితే జోయెల్‌కి ఒళ్లు మండేది.

ఆదివారం మధ్యాహ్నం హెప్సిబా చర్చిలో స్త్రీల కూడికకి వెళ్లింది. ముసురు. పట్టపగలే ఇల్లంతా మసకేసింది. జోయెల్ ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. తాళం తీస్తే లోపల ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని ఫోనే హెచ్చరించింది. వాడికి కొత్త సంగతేం కాదు. ఆ రికార్డింగులు ముందు ల్యాప్‌టాప్‌లోకి తీసిపెట్టుకోవడం చిటికెలో పని, కేబుల్ తగిలించే ఉంది. తీయలేదు. పీడా పోతుందనుకుని నొక్కేశాడు.

హెప్సిబా తడిసి వచ్చింది. బియ్యం కడిగి, కుక్కర్ పెట్టి, ఫోన్ అందుకుంది. వేలు పైకీ కిందకీ జరిపింది. మళ్లీ జరిపింది.

“ఏమండీ... అమ్మ ఏదండీ?”

రికార్డింగులు ఏవి అనలేదు. అమ్మ ఏది అంది.

“పోతే పోయాయిలే. ఎన్నాళ్లు వింటావవి?”

ఆమె అరవలేదు. గోడకి ఆనుకుని అలాగే నేల మీదకి జారిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆ మూలుగు భరించలేక జోయెల్ ఓ అబద్ధం ఆడాడు. “ఇప్పుడు రూట్ ఉందిగా. పోయినవి కూడా వెతికి పట్టుకొస్తుంది చూడు.”

వచ్చే మాట కల్ల. ఇప్పటి ఫోన్లలో తుడిస్తే తుడిచినట్టే, ఆ సంగతి వాడికి తెలుసు. అయినా ఏడుపు ఆపడానికి ఏదో వెతికే యాప్ ఒకటి ఎక్కించాడు. ఫోన్ మొత్తం మీద దీనికి అధికారం ఇవ్వాలా అని తెర అడిగింది. ఇచ్చాడు. ఎప్పటికీనా? ఎప్పటికీ.

కరెంటు పోయింది. ఫ్యాను గిర్రుమని తిరిగి తిరిగి ఆగింది. కిటికీ అవతల చూరు నీళ్లు పడుతున్న చప్పుడు. వంటింట్లో కుక్కర్ ఒక్క కూత వేసింది.

తెర మీద ఒక ఫైలు కనబడింది.

హెప్సిబా లాక్కున్నంత పని చేసి నొక్కింది.

“ఏమ్మా... తిన్నావా?”

ఆదెమ్మ గొంతే. హెప్సిబా ఫోన్‌ని చెంపకి అదుముకుని నవ్వింది, ఏడ్చింది. జోయెల్ మీసం దువ్వుకున్నాడు. నా అంతవాడు లేడనుకున్నాడు. అంతలో వాడికి ఇంకేదో వినబడింది. రికార్డింగులో ఆ గొంతు వెనకాల... వాన. చూరు నీళ్లు. ఆ తర్వాత కుక్కర్, ఒక్క కూత.

వాడు కిటికీ వైపు చూశాడు, ఆ తర్వాత వంటింటి వైపు.

“అల్లుడుగారు పక్కనే ఉన్నారా? ఓసారి ఇవ్వమ్మా.”

హెప్సిబా ఫోన్ వాడికి చాపింది. వాడు తీసుకోలేదు. చేతిలో పెట్టింది. ఎక్కడిదో తలనొప్పి తైలం వాసన... ఆదెమ్మ కణతలకి రాసుకునే తైలం. ఇంట్లో ఆ సీసా లేదు.

“బాబూ... అప్పుడు ఖాళీ లేదన్నారు,” అంది ఆ గొంతు. నిష్ఠూరంగా కూడా లేదు. తిన్నావా అన్నట్టే ఉంది. “ఇప్పుడు ఖాళీ చేశారుగా... సరే మరి. ఉంటాను.”

“సరేనండీ, ఉండండి.”

నోరు అనేసింది. మనసుకి తెలిసేలోపే అనేసింది. తెర దానంతటదే వెలిగింది.

ఆదెమ్మకి పూర్తి అధికారం ఇచ్చారు. ఎప్పటికీ.

“ఇదేదో దరిద్రం...” అంటూ ల్యాప్‌టాప్ మీదకి దూకాడు వాడు. కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించి, మొదట్లో ఉన్న తాళం మళ్లీ వేసేస్తే ఇదంతా తుడిచిపెట్టుకుపోతుంది. హెప్సిబా వాడి కాళ్లు పట్టుకుంది. “వద్దండీ. మీ కాళ్లు మొక్కుతాను. మళ్లీ చంపకండి మా అమ్మని... ఏమండీ...” వాడు కాలితో పక్కకి నెట్టాడు. అంతా చెరిగిపోతుంది, సరేనా అని ఫోన్ అడిగింది. వాడు నొక్కాడు.

తెర మీద గీత నెమ్మదిగా నిండుతోంది.

వెనకాల ఏడుపు... ఆగింది. ఏడుపు తగ్గుముఖం పట్టి ఆగినట్టు కాదు. వెక్కు సగంలో ఆగింది.

వాడు తిరిగి చూడలేదు. గీత నిండేదాకా చూడలేదు. తైలం వాసన దగ్గరికొచ్చింది. ఫోన్ ఆరిపోయి, వెలిగి, ఏ భాష కావాలని అడిగింది.

“భోజనం వడ్డించనా... అల్లుడుగారూ?”

గుమ్మంలో హెప్సిబా నిలబడి ఉంది. హెప్సిబా ముఖమే. తడి జుట్టు వేలిముడి వేసుకుంది, ఆదెమ్మ వేసుకునేట్టు. కొంగు నడుం చుట్టూ తిప్పి బొడ్లో దోపింది, ఆదెమ్మ దోపేట్టు. అల్లుడి ఎదుట నిలబడినందుకు కాబోలు, కాస్త పక్కకి తిరిగి, తల వంచుకుని ఉంది.

“హెప్సీ... వేళాకోళాలొద్దు...”

“పిల్ల లోపలుంది బాబూ. చల్లగా ఉందట. అలవాటవుతుంది లెండి.”

అప్పుడు జోయెల్ చేతిలో ఫోన్ మోగింది. మధ్యాహ్నమే సిమ్ తీసేసిన ఫోన్ అది. వాడేమీ నొక్కలేదు.

“ఏమండీ...”

హెప్సిబా గొంతు. ఫోన్‌లోంచి.

“ఏమండీ, ఇక్కడ ఏమీ లేదండీ... చెయ్యి చాపితే గోడ కూడా తగలట్లేదు. అమ్మ అటొచ్చి తలుపేసేసింది. కొట్టాను, తియ్యట్లేదు... మీరు యజమాని అన్నారుగా, మీరు తియ్యండి... వింటున్నారా? మాట్లాడరేం?”

ఇన్నేళ్లలో ఆమె అడిగిందేదీ ఇచ్చింది లేదు. ఇది ఇవ్వాలని ప్రాణం పోయేంత ఉంది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

“సరేలెండి, పనిలో ఉన్నట్టున్నారు...” ఆ గొంతు సన్నబడింది. దూరమవుతోంది. “సరే మరి... ఉంటానండీ...”

“ఉండు!” జోయెల్ కేక పెట్టాడు. “ఉండు హెప్సీ! ఉండు, ఉండు!”

ఆగమని వాడి ఉద్దేశం. వెళ్లిపోవద్దు, తీసుకొస్తాను, ఒక్క క్షణం ఆగమని. తెలుగులో ఆ మాట కూడా ఇదే.

తెర వెలిగింది. అధికారం ఇచ్చారు. ఎప్పటికీ.

గుమ్మంలో మనిషి కొంగుతో చేతులు తుడుచుకుంది. “దొడ్డ మనసు బాబూ మీది. దానికి అడగ్గానే ఉండమన్నారు. నన్నే కొట్టులో పడేశారు.” లోపలికి వెళ్లి కంచం పెట్టింది. వాడు తిన్నాడు. తినకపోతే ఏమంటుందోనని తిన్నాడు.

మూడో పూట జోయెల్ ఆ ఫోన్ పట్టుకుని అంతోని కొట్టుకి పరిగెత్తాడు. వీధిలో కొబ్బరిబోండాల బండి, బస్సుల హారన్లు, మండే ఎండ. అంతోని ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“తాళం బాగానే ఉందిరా. రూట్ లేదు, ఏం లేదు. లోపల ఒక్కటే ఫైలుంది. మరి ఖాళీ లేదంటుందేంటిది?” ఆ ఫైలు పెట్టి చెవి దగ్గర ఆనించుకున్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి. “చెల్లెమ్మేనా ఏడుస్తోంది? వెనకాల ఇంతమంది ఎవర్రా? ఏదో సత్రంలో ఉన్నట్టు...”

జోయెల్ జేబులో వాడి సొంత ఫోన్ మోగింది. ఇంటి నుంచి, పనిచేసే ఫోన్ ఒక్కటీ లేని ఇంటి నుంచి. వాడు దాన్ని బల్ల మీద పెట్టి, పాముని చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపటికీ ఎత్తకపోతే అంతోనే స్పీకర్ నొక్కాడు.

“బాబూ, ముందుగదిలో మీ సామానంతా తీసి బయట పడేశాను. శుభ్రంగా ఖాళీ అయింది. ఇక్కడ వీళ్లు కూడా ఉంటామంటున్నారు... ఏమంటారు?”

జోయెల్ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. గట్టిగా, పళ్లు పెదవిలో దిగేంత గట్టిగా. అంతోని వాడి వాలకం చూసి విసుక్కుని, ఫోన్ మీదకి వంగాడు.

“ఉండమ్మా, ఉండు. వాడికిస్తాను.”

“సరేనండీ” అన్నారు అటునుంచి. ఒక్కరు కాదు.