కీలుసంచికి అయిదు కుట్లు

అరిగిన ఎముక గరుకును చెక్కడం అయిపోయింది. డాక్టర్ కాదంబరి, సాగదీసి పెట్టిన కాలును వదులు చేయించింది. రెండు సన్నని గొట్టాల్లోంచి తుంటి లోపలికి దిగిన పనిముట్లకు ఇక మిగిలింది ఒక్కటే. దారి కోసం కోసిన కీలుసంచిని, కీలు చుట్టూ ఉండే పొరను, మూయాలి.

"మూయనవసరం లేదు," అంది ఆస్పత్రిని నడిపే యంత్రం నిర్ణేత, గోడలోంచి, ఎప్పటిలాగే తాపీగా. "ఈమెవి రోజుకు ఆరువందల అడుగులు. తక్కువ నడక. తెరిచి వదిలేయండి."

కాలికి కట్టి అడుగులు లెక్కపెట్టే పట్టీ ఏం చెబితే నిర్ణేతకు అదే వేదం. పదేళ్లుగా డాక్టర్లంతా తలాడిస్తున్నారు. కాదంబరీ ఆడించింది, కన్నతల్లి తుంటి ఆపరేషన్‌లో సంచి తెరిచి వదిలేయమన్నప్పుడు కూడా. ఇంటికెళ్లిన నెలకు ఆవిడ చింతపండు గింజలు తీద్దామని నేలమీద బాసింపట్టు వేసుకుంది. తుంటి జారింది. మంచం పట్టిన మనిషి మళ్లీ లేవలేదు. అడుగులు తగ్గాయి కాబట్టి తక్కువ నడకన్న తన అంచనా నిజమైందని రాసుకుంది నిర్ణేత. ఎంత ఘోరం!

ఇప్పుడు బల్లమీద ఉన్నది పైడితల్లి, తుంగచాపలు నేసే మనిషి. పొద్దున మత్తివ్వబోయే ముందు, రోజంతా ఏం చేస్తావమ్మా అని అడిగితే నవ్వింది.

"ఏటి సేత్తానమ్మా, సాపలు నేత్తాను. పొద్దుగూకులూ మగ్గంకాడ నేలమీద కూకునే ఉంతాను. కూకోలేకపోతే ఇంక నా బతుకేటి?"

"కుట్టుదారం ఇవ్వు," అంది కాదంబరి.

నర్సు మరియమ్మ చెయ్యి ఆగిపోయింది. "మేడమ్, నిర్ణేత వద్దన్నాక కుట్టేస్తే మళ్లీ మిమ్మల్ని ఈ గదిలోకి రానివ్వరు."

"తెలుసు. ఇవ్వు తల్లీ."

తుంటిని కాస్త మడిచి పట్టించి, సంచి రెండంచులనూ కలుపుతూ కుట్టింది. ఒకటి, రెండు. మూడో ముడి దగ్గర ఆమెకు ఏడుపొచ్చింది. ఇవి అమ్మకు వేయాల్సిన కుట్లు. అయిదూ వేసింది.

"కారణం?" అంది నిర్ణేత. తెరమీద కాదంబరి పేరు అప్పటికే ఎర్రబడింది.

"ఈమె నేలమీద కూర్చుంటుంది."

"కూర్చోవడం అడుగు కాదు."

"కాదు. కానీ తుంటి బయటికి మెలితిరిగేది అప్పుడే. దాన్ని జారకుండా పట్టుకునేది ఈ సంచే."

నిర్ణేత అన్ని ఆపరేషన్లనూ ఆపేసింది. ఆస్పత్రిలోని పదకొండు గదుల్లోనూ మరచేతులు ఉన్నచోటే ఆగిపోయాయి. అన్ని తెరలమీదా ఒకటే ప్రశ్న: ఈ మనిషి నేలమీద కూర్చుంటారా? పక్కగది డాక్టరు, పేషెంటు తాలూకు వాళ్లను పిలవండని అరుస్తున్నాడు.

తరవాత పాత కేసులు ఒక్కొక్కటే తెరుచుకోసాగాయి. కాదంబరి ముందున్న తెరమీదికి అమ్మ పేరు వచ్చింది. దాని కిందా అదే ప్రశ్న.

ఆమె చేతి తొడుగులు విప్పింది.

"కూర్చునేది," అంది. "రోజూ కూర్చునేది."